మాత్ర అంటే కొలత: పసిపిల్లల మందుల కథ



నాలుగు నెలలుగా ఇక్కడ ఏమీ వ్రాయలేకపోయినాను. కారణం మా ఇంటికి వచ్చిన చిన్న అతిథి. మా అమ్మాయి పురిటికి తాడేపల్లి వచ్చి మగబిడ్డను కన్నది. పదిహేను రోజులు నిండకుండానే బిడ్డకు వాంతులు పట్టుకొని, పాలు త్రాగడం మాని, కళ్ళు లోతుకు పోయినవి. గుంటూరు తీసికొని పోయేసరికి ఒంట్లో ఉప్పు పడిపోయినదన్నారు. పరీక్షలన్నీ అయిన పిమ్మట తేలినదేమంటే, మూత్రపిండాల నెత్తిన టోపీల వలె కూర్చుండే అడ్రినల్ గ్రంథులలో ఒక ఎంజైము పుట్టుకతోనే లోపించినది. అది లేనందున దేహానికి అనుదినమూ కావలసిన కార్టిసాల్ అనే హార్మోను తయారు కాదు. దానిని బయటినుండి, మందుగా, జీవితాంతం ఇవ్వవలసినదే. తక్కువైతే ప్రాణానికి ముప్పు. ఎక్కువైతే ఎదుగుదల కుంటుపడుతుంది.

మందు దొరకనిది కాదు. హైడ్రోకార్టిసోన్ అనే పాతకాలపు మాత్రే. చిక్కు ఎక్కడ వచ్చినదంటే, మా ఊళ్ళో మాకు దొరికిన మాత్ర 10 మిల్లీగ్రాములది. మావాడికి వైద్యురాలు వ్రాసినది రోజుకు మూడు మిల్లీగ్రాములు, అదీ మూడు పూటలుగా. అనగా పూటకు మాత్రలో పదవ వంతు.

రాత్రి భోజనాలయిన తరువాత మా అమ్మాయి స్టీలు పళ్ళెం ముందు వేసికొని కూర్చుంటుంది. రెండు చెంచాల నడుమ మాత్రను మెత్తగా నలిపి, కొత్త బ్లేడు అంచుతో ఆ పిండిని పది కుప్పలు చేస్తుంది. ఫ్యాను ఆపివేయాలి. ఎవరూ తుమ్మరాదు. మొదటినాడు నన్ను పిలిచి, "నాన్నగారూ, మీ కళ్ళద్దాలు పెట్టుకొని ఒకసారి చూడండి, అన్నీ సమానంగా ఉన్నవా?" అని అడిగినది. "సమానమేననిపిస్తున్నదమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు, అట్లని నిజమనీ చెప్పలేను. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలచేత పద్యపాదాలను గణాలుగా విరిపించినవాణ్ణి. ఒక్క మాత్ర ఎక్కువైనా తక్కువైనా వెంటనే పట్టుకొనే చెవి నాది. ఈ పళ్ళెం ముందు ఆ విద్య ఎందుకూ కొరగాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక "మాత్ర" అనే మాటను గురించి ఆలోచిస్తూ పడుకొన్నాను. పండితుడి జబ్బు ఇది, ఇల్లు కాలుతున్నా మొదట వ్యుత్పత్తి వెదుకుతాడు. సంస్కృతంలో "మా" ధాతువుకు కొలుచుట అని అర్థం. దానినుండి వచ్చినది మాత్ర. ఛందస్సులో లఘువు పలికే కాలం ఒక మాత్ర, గురువుకు రెండు. "ఇంతమాత్రానికే" అన్నప్పుడూ అదే కొలత. ఆయుర్వేదంలో మాత్ర అంటే ఈ రోగికి, ఈ వయస్సుకు, ఈ వేళకు ఇవ్వదగిన మందు పరిమాణం. ఉండగా చుట్టిన మందుకు అక్కడ గుటిక, వటి అని వేరే పేర్లున్నవి. తెలుగులో మనము ఆ ఉండనే మాత్ర అన్నాము. కొలతకు ఉన్న పేరు వస్తువుకు పోయినది. పేరులో కొలత మిగిలినది గాని, మందుల దుకాణంలో కొన్న అట్టలో మావాడి కొలత లేదు.

పసివాడికి ఎంత మందు ఇవ్వాలి అన్న ప్రశ్న మన పూర్వులను బాగానే వేధించినట్లున్నది. అష్టాంగాలలో ఒక అంగాన్నే కౌమారభృత్యమని పిల్లలకు కేటాయించినారు. ఆ శాఖకు ప్రధాన గ్రంథం కాశ్యపసంహిత. శతాబ్దాల పాటు దాని పేరే గాని గ్రంథం కనబడలేదు. చివరకు నేపాళంలో శిథిలమైన తాళపత్రప్రతి ఒకటి దొరకగా, పండిత హేమరాజశర్మగారు పరిష్కరించిన ముద్రణ 1938లో వెలువడినది. పత్రాలు చాలా పోయినవి, దొరికినంతే దొరికినది.

ఈ గ్రంథం పుట్టుకను గురించి అందులోనే ఒక కథ ఉన్నది. కశ్యపుని బోధను సంక్షేపించినవాడు జీవకుడనే అయిదేళ్ళ బాలుడు. పసివాడి మాటను మునులు లక్ష్యపెట్టలేదు. అప్పుడతడు కనఖలం వద్ద గంగలో మునిగి, క్షణంలో నెరసిన జుట్టుతో, ముడుతలు పడిన దేహంతో పైకి వచ్చినాడట. నాటినుండి వృద్ధజీవకుడైనాడు, అతని తంత్రాన్ని లోకం అంగీకరించినది. పిల్లల వైద్యాన్ని గూర్చి పిల్లవాడు చెప్పితే వినకపోవడం, ముసలిరూపం ధరించిన తరువాత వినడం! ఈ కథను కల్పించినవాడెవరో పెద్దల స్వభావం బాగా ఎరిగినవాడు.

కాశ్యపుడు చెప్పిన కొలత ఇది. అప్పుడే పుట్టిన బిడ్డకు వాయువిడంగపు గింజంత మందు. నెలనెలకూ అదే ప్రమాణంలో పెంచుకొంటూ పోవాలి, అయితే ఉసిరికాయంతకు మించరాదు. సుశ్రుతుడు వేరొక దారి పట్టినాడు. అతడు పిల్లలను వయస్సుతో గాక ఆహారంతో విభజించినాడు: పాలు మాత్రమే త్రాగేవారు, పాలూ అన్నమూ తీసికొనేవారు, అన్నం తినేవారు. మొదటివారికి రెండు వ్రేలికణుపులకు అంటుకొన్నంత, రెండవవారికి రేగుగింజంత, మూడవవారికి రేగుపండంత. ఇంకొక సూక్ష్మం కూడ చెప్పినాడు. చనుబిడ్డ విషయంలో మందును తల్లికో దాదికో ఇవ్వవచ్చును, పాల ద్వారా బిడ్డకు చేరుతుంది.

శార్ఙ్గధరుడు వీరికంటె చాలా తరువాతివాడు, లెక్కలవాడు. మొదటి నెలలో ఒక గురువింద గింజ ఎత్తు మందును పాలతోనో తేనెతోనో నేతితోనో రంగరించి నాకించమన్నాడు. ఏడాది నిండేవరకు నెలకొక గింజ ఎత్తు పెంచాలి. అక్కడినుండి పదునారవ యేడు వరకు ఏటికొక మాషం. డెబ్బదేళ్ళ వరకు అదే నిలుస్తుంది. ఆ తరువాత బాలుర విషయంలో పెంచినట్లే మెల్లమెల్లగా తగ్గించుకొంటూ రావాలి. ముసలివారిని పిల్లలతో జతకట్టిన ఈ చివరి మాట చదివి నాలో నేను నవ్వుకొన్నాను, ఎందుకంటే నా రక్తపుపోటు మాత్రను మొన్ననే సగానికి తగ్గించినారు.

గురువింద గింజ అంటే మన కంసాలులు బంగారం తూచినదే. ఇంచుమించు 120 మిల్లీగ్రాముల బరువు. గింజకూ గింజకూ కొంత తేడా ఉండకపోదు. దానిని తూనికకే గాని నోటికి ఎవరూ పెట్టరాదు, అది విషం. మావాడి పూట మందు దానిలో నూట ఇరవయ్యవ వంతు. శార్ఙ్గధరుని త్రాసుకు అందే బరువు కాదు.

గ్రంథాలు ఇట్లా ఉండగా ఇళ్ళలో జరిగినది మరొకటి. మా నాయనమ్మ వద్ద ఒక చిన్న సానరాయి ఉండేది, పక్కన పాత డబ్బాలో వసకొమ్మ, కరక్కాయ, జాజికాయ, మాచికాయ. బిడ్డకు నీళ్ళు పోసిన తరువాత చనుబాలు నాలుగు చుక్కలు రాతిమీద వేసి, కొమ్మను అరగదీసి, ఆ గంధాన్ని ఉగ్గుగిన్నెతో పోసేది. కొలత ఏమిటి? రాతిమీద తిప్పిన చుట్లు. నెలబిడ్డకు ఒక చుట్టు, మూడు నెలలవాడికి మూడు. బిడ్డ నలతగా ఉంటే ఒకటి తగ్గించేది. అక్షరం రానిది, తూనికరాయి లేనిది, నెలనెలకూ పెరిగే కాశ్యపుని మాత్రనే చేతి త్రిప్పుడులో పెట్టుకొన్నది. ఏ బిడ్డకు ఆ బిడ్డ కొలత. అతిగా మాట్లాడే పిల్లవాడిని "వస ఎక్కువ పోసినారా నీకు?" అని వేళాకోళం చేయడం మనకందరికీ తెలుసును. ఆ హాస్యంలో మోతాదు మించిందన్న ఆరోపణ దాగి ఉన్నది.

ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోవాలని నా ఉద్దేశం కాదు. రాతిమీద ఎంత అరిగినదో చేతి బలాన్ని బట్టి, కొమ్మ ఎండును బట్టి మారుతుంది. వసలో హాని చేసే పదార్థం ఉన్నదని, పసిపిల్లలకు పోయవద్దని నేటి పిల్లల వైద్యులు చెబుతున్నారు. మా వీధిలో ఒక పెద్దావిడ "కాస్త వస పోయండి, వాంతులు కట్టుకొంటవి" అని సలహా చెప్పబోతే మా అమ్మాయి చేతులు జోడించి పంపివేసినది.

ఇక్కడ ఒక పక్కదారి, మన్నించండి. నా చిన్నతనంలో పిల్లలకు "లివరు జబ్బు" అంటే తల్లుల గుండె జారిపోయేది. పొట్ట ఉబ్బి, కాలేయం రాయి వలె గట్టిపడి, ఏడాది రెండేళ్ళ బిడ్డలు పోయేవారు. మద్రాసులో జమ్మి వేంకటరమణయ్యగారి మందుకు ఎంతో పేరు. బిడ్డను ఎత్తుకొని రైలెక్కి ఆయన వైద్యశాలకు పోయినవారి ముచ్చట్లు మన ప్రాంతపు కుటుంబాలలో వినబడేవి. 1983లో పూనా బిడ్డలను పరిశీలించిన వైద్యులు ఒక సంగతి వెల్లడించినారు. ఇత్తడి, రాగి గిన్నెలలో కాచి నిలువ ఉంచిన పశువుల పాలలోకి రాగి దిగుతున్నది, అదే ఈ వ్యాధికి హేతువై ఉండవచ్చునని. గిన్నెలు మారినవి, జబ్బు దాదాపు అంతరించినది. అదే గిన్నెలోని పాలు ఇంట్లో పెద్దలూ త్రాగినారు, వారికేమీ కాలేదు. ఎవరూ కొలవని, ఎవరూ మందు అనుకోని ఒక మోతాదు ఆ చిన్న దేహాలకు మాత్రం పెద్దదైనది.

ఇంగ్లీషు వైద్యం మా జిల్లాకు ఆసుపత్రులతో వచ్చినది. గుంటూరులో దానికి మొదటి పేరు అన్నా కుగ్లర్ దొరసానిది. 1883లో అమెరికా లూథరన్ మిషను తరఫున గుంటూరు చేరి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రిని తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూసినారు. నేటికీ ఆ ఆసుపత్రి ఆమె పేరనే ఉన్నది. అటువంటి ఆసుపత్రులన్నింటిలోను వైద్యునికి కుడిభుజం కాంపౌండరు. నాకు బాగా గుర్తున్నది, 1960ల చివర మా ఊరి ఆసుపత్రి కాంపౌండరుగారు పింగాణీ కల్వంలో పొడులు నూరి, గాజుకొలతలో నీరు పోసి, గులాబీరంగు మిక్చరు కలిపేవారు. సీసా మనమే తీసికొని పోవాలి. సీసా ప్రక్కన ఒక కాగితపు పట్టీ అంటించేవారు. దాని అంచును మెట్లు మెట్లుగా కత్తిరించేవారు, ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క పూట. పెద్దవాడి సీసాకు వెడల్పైన మెట్లు, పిల్లవాడి సీసాకు సన్నవి. చిన్నపిల్లలకైతే పొడిని తూచి తెల్లకాగితాలలో పొట్లాలు కట్టేవారు. అక్షరం రాని తల్లికి కూడ ఆ మెట్లు అర్థమయ్యేవి. పిల్లవాడి పేరు అడిగి, వయసు అడిగి, వాడి కోసమే కలిపిన మందు అది.

ఆ కాంపౌండర్లు ఏ లెక్కన పంచేవారు? చాలాకాలం వారి చేతిలో ఉన్నది యంగు సూత్రం. థామస్ యంగు అంటే కాంతి అలలుగా ప్రయాణిస్తుందని నిరూపించి, ఈజిప్టు చిత్రలిపిని విప్పడంలో చేయి వేసిన మహామేధావే. వృత్తిచేత వైద్యుడు. 1813లో ఆయన ఇచ్చిన లెక్క ఇది: పిల్లవాడి వయస్సును, ఆ వయస్సుకు పన్నెండు కలిపిన సంఖ్యతో భాగించాలి. నాలుగేళ్ళవాడికి పదునారింట నాలుగు, అనగా పెద్దల మోతాదులో పావు. పన్నెండేళ్ళవాడికి సగం. ఏడాదివాడికి పదమూడవ వంతు. ఏడాది నిండనివారి దగ్గర ఈ సూత్రం చేతులెత్తేస్తుంది. క్లార్కు సూత్రం బరువును పట్టుకొన్నది: బిడ్డ పౌనులను 150తో భాగించమన్నది. రెండింటికీ మూలమైన ఊహ ఒక్కటే, పిల్లవాడంటే చిన్న సైజు పెద్దవాడని.

ఇంతలో మాత్ర రూపమే మారిపోయినది. 1843లో విలియం బ్రాకెడన్ అనే ఆంగ్ల చిత్రకారుడు మంచి పెన్సిలు సీసం కావాలని, గ్రాఫైటు పొడిని అచ్చులో బిగించి నొక్కే యంత్రానికి హక్కు పొందినాడు. అదే యంత్రంతో మందుపొడినీ నొక్కవచ్చునని ఆ హక్కులోనే చేర్చినాడు. నేడు మనము వేసికొనే బిళ్ళలకు అది పూర్వరూపం. ఒకే బరువు, ఒకే ఆకారం, లక్షల కొద్దీ. దీనివలన లోకానికి కలిగిన మేలు తక్కువది కాదు. కాంపౌండరు చేయి వణికితే వచ్చే ప్రమాదం పోయినది, ధర తగ్గినది, నిలువ ఉండడం సాధ్యమైనది. అయితే కర్మాగారం ఎవరిని దృష్టిలో పెట్టుకొని అచ్చు తయారు చేస్తుంది? నిండుగా పెరిగిన మనిషిని. కల్వంతో పాటు పొట్లం పోయినది, పొట్లంతో పాటు పసివాడి కొలత పోయినది. మా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు తూచేటప్పుడు పిడికెడు కాయలు అటో ఇటో పోయినా ఎవరికీ పట్టదు. సరిగా అట్లాగే, పెద్దవాడికి అయిదు మిల్లీగ్రాముల తేడా చెల్లిపోయే మందులెన్నో ఉన్నవి.

పిల్లవాడు చిన్న సైజు పెద్దవాడు కాడని వైద్యలోకం నేర్చుకొన్నది పుస్తకాలతో కాదు, మరణాలతో. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడు మందును మింగలేనివారి కోసం తియ్యని ద్రవంగా చేసినారు. కరిగించడానికి వాడినది డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం. నూరుమందికి పైగా మరణించినారు, వారిలో పిల్లలు అనేకులు. అమ్మకానికి ముందు మందు నిరపాయమని నిరూపించాలన్న చట్టం 1938లో ఆ దేశానికి వచ్చినది దీనివలననే. ఆ విషం చరిత్రలో ఆగిపోలేదు. 2022లో గాంబియాలోను, 2025లో మన మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలోను దగ్గుమందు త్రాగిన పసిపిల్లలను అదే విషం బలిగొన్నది. పిల్లవాడు బిళ్ళ మింగలేడు గనుక సిరపు, సిరపు గనుక ద్రావకం, ద్రావకంలో కల్తీ. 1959లో మరొక పాఠం. క్లోరాంఫెనికాల్ ఇచ్చిన నవజాత శిశువులు బూడిదరంగుకు తిరిగి మరణించడానికి కారణం బయటపడినది. లెక్క ప్రకారం బరువుకు తగినంతే ఇచ్చినారు, కాని ఆ వయస్సులో కాలేయానికి ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి ఇంకా రాలేదు. 1960లలో హారీ షిర్కీ అనే పిల్లల వైద్యుడు వీరిని వైద్యానికి అనాథలని పిలిచినాడు. పెద్దలపై పరీక్షించిన మందులను అంచనాతో పిల్లలకు పంచుతున్నామని ఆయన బాధ.

ఈ చరిత్రలో మనవాడొకరున్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లె ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే పదార్థాలు తయారైనవి. వాటిలో ఎమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చినారు. పదహారుమందిలో పదిమందికి వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గినదని 1948 జూనులో ప్రకటించినారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయినారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటు ఇప్పటికీ ఆ పిల్లల చికిత్సలో ఉన్నది. దానిని పంచేది వయస్సుతో కాదు, బరువుతోనూ కాదు, దేహపు ఉపరితలంతో. ఒంటి చర్మాన్ని విప్పి పరిస్తే ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో లెక్కకట్టి, దానిని బట్టి. 1950లో క్రాఫర్డ్, ఆయన సహచరులు ఈ పద్ధతిని సులభం చేసి ప్రచారంలోకి తెచ్చినారు. మావాడి మందుకూ అదే లెక్క: చదరపు మీటరుకు రోజుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. నాలుగున్నర కిలోల బిడ్డకు ఒంటి వైశాల్యం చదరపు మీటరులో పావుకు కొంచెం పైన. ఇంత సునిశితమైన లెక్క వేసి, దశాంశాలతో చీటీ వ్రాసి ఇచ్చినారు. దాని చివర ఉన్నది స్టీలు పళ్ళెం, బ్లేడు.

ఇప్పుడు ముద్రణ సంగతికి వస్తాను. మందులను అచ్చు వేస్తున్నారని మా అల్లుడు చెప్పినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. అచ్చు అంటే నాకు తెలిసినది సీసపు అక్షరాలు, బెల్లపు అచ్చు, "అచ్చుగుద్దినట్లు" అన్న పలుకుబడి. అన్నీ ఒక్కలాగే రావడమే అచ్చుకు ప్రాణం. ఈ కొత్త అచ్చు దానికి విరుద్ధం, ఒక్కొక్కటి వేరుగా రావడమే దీని ప్రయోజనం.

ఇందులో పద్ధతులు కొన్ని ఉన్నవి. ఒకటి పొడిని పలుచగా పరచి, పైన ద్రవం చుక్కలు చల్లి, పొరమీద పొర అతికించడం. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పుట్టిన ఈ పద్ధతితో మూర్ఛవ్యాధికి ఇచ్చే లెవెటిరసెటామ్ బిళ్ళను తయారు చేసినారు. 2015 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని అనుమతించినది. ముద్రించిన మందుకు అక్కడ దొరికిన తొలి అనుమతి అదే. గుక్కెడు నీటితో నోట్లోనే విడిపోతుంది. అయితే అది కూడ నాలుగు నిర్ణీత పరిమాణాలలో కర్మాగారంలోనే తయారవుతుంది, ఒక బిడ్డ పేరున కాదు.

పిల్లలకు ఎక్కువగా పనికివచ్చేది మరొక పద్ధతి. దీనికి జంతికల గొట్టాన్ని ఊహించుకోండి. మందును వెచ్చని మెత్తని జిగురుపదార్థంలో సమంగా కలిపి గొట్టంలో నింపుతారు. యంత్రం దానిని సన్నని తీగగా వత్తుతూ చుట్లు చుట్టి చిన్న బిళ్ళను నిలబెడుతుంది, అది చల్లారి గట్టిపడుతుంది. నమలవచ్చు. మోతాదు ఎంత అన్నది ఎంత తీగ వత్తినామన్నదాన్ని బట్టి. ఉదాహరణకు నూటికి ఒక వంతు మందు కలిపిన ముద్ద ఉన్నదనుకొందాము. ఒక మిల్లీగ్రాము కావాలంటే నూరు మిల్లీగ్రాముల ముద్ద వత్తితే సరి. తొమ్మిది దశాంశాలు కావాలంటే తొంభై. ఒక మిల్లీగ్రామును కోయడం కష్టం. దానిని నూరింతల పదార్థంలో సమంగా పరచి ఆ పదార్థాన్ని తూచడం సులభం. మందును తేనెలో రంగరించి నాకించమన్న శార్ఙ్గధరుని అవలేహంలోనూ, నాయనమ్మ చనుబాల గంధంలోనూ ఈ ఉపాయమే ఉన్నదని నాకు తోచినది. వైద్యులెవరైనా చదివితే నా సాహసాన్ని క్షమింతురు గాక.

దీనిని రోగులైన పిల్లలపై మొదట పరీక్షించినది స్పెయిన్‌లోని సాంతియాగో దె కొంపొస్తేలా నగరపు ఆసుపత్రిలో. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలనుండి పుట్టిన ఫాబ్ఆర్ఎక్స్ అనే సంస్థ యంత్రాన్ని సమకూర్చినది. ఫలితాలు 2019లో వెలువడినవి. అక్కడి పిల్లలకున్నది మూత్రం తియ్యని వాసన వేసే అరుదైన జన్మవ్యాధి. మాంసకృత్తులలోని మూడు ఆమ్లాలను వారి దేహం విరవలేదు. కఠినమైన పథ్యం పెట్టగా, వాటిలో ఐసోల్యూసిన్ అనేది మరీ పడిపోకుండా కొలిచి మళ్ళీ అందించాలి. పాల్గొన్నది నలుగురే పిల్లలు. ఆసుపత్రిలోనే వారివారి కొలతకు రకరకాల రుచులతో, రంగులతో బిళ్ళలు ముద్రించి ఇచ్చినారు. చేతితో కలిపిన పొడికంటె వీటితో రక్తంలోని పరిమాణం లక్ష్యానికి దగ్గరగా, ఒడుదుడుకులు తక్కువగా నిలిచినది. నలుగురితో లోకం మారదు. అయినా ఆ నలుగురి తల్లులు ఆ నెలలలో పొడి కుప్పలు చేయలేదు గదా అనుకొన్నాను.

చేతిపనిలో ఎంత తేడా వస్తుందో చెప్పే పరీక్ష కూడ ఒకటి ఉన్నది, అదీ మావాడి మందు మీదనే. జర్మనీలో మందుల దుకాణాలవారు పిల్లల కోసం కట్టి ఇచ్చిన హైడ్రోకార్టిసోన్ గుళికలను సేకరించి పరీక్షించి, 2017లో ప్రకటించినారు. దాదాపు అయిదో వంతు కట్టలు ప్రమాణానికి నిలువలేదు. వారు శిక్షణ పొందినవారు, వారి వద్ద సున్నితమైన త్రాసులున్నవి. మా అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పలేదు.

ముద్రణకు అడ్డంకులూ లేకపోలేదు. వేడికి చెడిపోయే మందులున్నవి. కర్మాగారంలో ఒక విడతలో తయారైన లక్ష బిళ్ళలనుండి కొన్నింటిని పొడిచేసి పరీక్షించవచ్చును. ఒక బిడ్డ కోసం ముప్ఫయి ముద్రిస్తే అందులో పదింటిని పరీక్షకని పాడుచేస్తే మిగిలేది ఏమిటి? అందుకే బిళ్ళను చెరచకుండా, తూకంతోను, కంటికి కనబడని ఎఱుపు దాటిన కిరణాలతోను లోపలి మందును చూసే పద్ధతులు వెదుకుతున్నారు. మరొక చిక్కు చట్టం. ఆసుపత్రి గదిలో యంత్రం వత్తిన బిళ్ళ తప్పైతే బాధ్యుడెవరు, ముద్ద చేసినవాడా, యంత్రం చేసినవాడా, మీట నొక్కినవాడా? రోగి ఉన్నచోటనే మందు తయారు చేయడానికి ప్రత్యేక నిబంధనలను బ్రిటన్ 2025 జూలై 23 నుండి అమలులోనికి తెచ్చినది. మన దేశంలో మందుల తయారీకి ఆధారం 1940 నాటి చట్టం, కల్వం పట్టిన కాంపౌండర్ల కాలానిది.

ఇవన్నీ చదివిన తరువాత నేను యంత్రానికే ఓటు వేస్తానని మీరనుకోవచ్చు. అంతగా కాదు. మావాడి జబ్బుకే అర, ఒకటి, రెండు, అయిదు మిల్లీగ్రాముల చిన్నచిన్న రవ్వలను గుళికలలో నింపి ఐరోపాలో 2018 నుండి అమ్ముతున్నారు. గుళిక విప్పి నాలుకమీద చల్లడమే. ముద్రణ అక్కరలేదు, పిల్లవాణ్ణి దృష్టిలో పెట్టుకొని కర్మాగారం ఒక అచ్చు తయారు చేసినది, అంతే. అరుదైన జబ్బులకు, నెలనెలకూ మారే కొలతలకు యంత్రం కావాలి. నాలుగు చిన్న పరిమాణాలతో సరిపోయే మందులకు కావలసినది తయారు చేసే మనసు. గుంటూరులోను విజయవాడలోను నేను అడిగిన దుకాణాలలో ఒకాయన, "మాస్టారూ, పెద్ద బిళ్ళే నెలకు ఒకరిద్దరు కొంటారు, చిన్నది ఎవరు తెప్పిస్తారండీ" అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

మొన్న సోమవారం బిడ్డను చూపించడానికి తీసికొని పోయినాము. ఆరు కిలోల రెండువందలున్నాడు. పొడవు కొలిచినారు, ఒంటి వైశాల్యం మళ్ళీ లెక్కకట్టినారు. వైద్యురాలు పాత కొలత కొట్టివేసి పూటకు ఒకటింబావు మిల్లీగ్రాము అని వ్రాసినారు. ఇంటికి వచ్చే దారిలో ప్రకాశం బ్యారేజీ కాలువ దగ్గర ఆటోలో కూర్చొని మా అమ్మాయి వ్రేళ్ళమీద లెక్క వేసి, ఒక్కసారిగా ముఖం వికసించినది. "నాన్నగారూ, ఇక పది కుప్పలు కాదు, ఎనిమిది! సగం చేసి, దాన్ని సగం చేసి, మళ్ళీ సగం చేస్తే చాలు. పదిగా చేయడమే కష్టంగా ఉండేది" అన్నది. ఆ రాత్రి నేనే ఫ్యాను ఆపి, కళ్ళద్దాలు తుడుచుకొని, పళ్ళెం ముందు కూర్చున్నాను.